బుడగ తోసిన చుక్క

టైప్‌రైటర్ అక్షరం కాగితాన్ని కొడుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో సూదులు రిబ్బన్ మీదుగా కాగితాన్ని పొడుస్తాయి. రిజర్వేషన్ కౌంటర్ల దగ్గర ఆ గరగర శబ్దం మనమంతా విన్నదే. ఇంక్‌జెట్ మాత్రం కాగితాన్ని తాకదు. దాదాపు మిల్లీమీటరు ఎడం నుంచి సిరా చుక్కను విసురుతుంది. దాని గొప్పతనమంతా ఆ చుక్కలోనే ఉంది. ఇళ్లలో మనల్ని సతాయించే చిక్కులు కూడా చాలావరకు అక్కడే పుడతాయి. ప్రింటర్ పాడైందని తీర్మానించే ముందు ఆ చుక్క కథ తెలుసుకుంటే సగం రిపేరు అయినట్టే.

సన్నని ధార కొంత దూరం పోయాక చుక్కలుగా ఎందుకు తెగిపోతుందో ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ 1878లో లెక్కకట్టి చూపించాడు. ఆ ధారను పనిముట్టుగా మలిచినవాడు స్వీడన్‌కు చెందిన రూనె ఎల్మ్‌క్విస్ట్. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే యంత్రాల్లో ముల్లు బరువు వల్ల వేగం చాలేది కాదు. ముల్లు తీసేసి సిరా ధారనే అటూ ఇటూ ఊపించాడాయన. 1951లో దానికి పేటెంటు వచ్చింది. 1958లో మనిషి ఒంట్లో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్‌ను తయారుచేసింది కూడా ఈయనే. మన బల్ల మీది ప్రింటర్‌కు గుండె వైద్యంతో ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

అయితే అది ఆగకుండా పారే ధార. అక్షరాలు అచ్చు వెయ్యాలంటే అడిగినప్పుడే ఒక్క చుక్క రావాలి. 1977లో జపాన్‌లో కెనాన్ పరిశోధకుడు ఇచిరో ఎండో ప్రయోగశాలలో, సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలింది. సూది మొన నుంచి సిరా చివ్వున చిమ్మింది. దాదాపు అదే కాలంలో అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ (హెచ్‌పీ) కంపెనీలో జాన్ వాట్, కాఫీ పర్కొలేటర్‌లో ఆవిరి నీళ్లను పైకి నెట్టడం చూసి అదే దారిలో ఆలోచించాడు. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇద్దరూ ఒకే చోటికి చేరారు.

పని జరిగే తీరు ఇది. వెంట్రుక కన్నా సన్నని రంధ్రం వెనక చిన్న హీటర్ ఉంటుంది. సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో కొన్ని వంతుల కాలంపాటు దానికి కరెంటు అందుతుంది. హీటర్‌ను ఆనుకున్న సిరా పొర 300 డిగ్రీల దాకా వేడెక్కి బుడగ అవుతుంది. ఆ బుడగ ముందున్న సిరాను బయటికి తోస్తుంది. బుడగ కూలగానే ఖాళీలోకి కొత్త సిరా వచ్చి చేరుతుంది. ఇదంతా సెకనుకు వేల సార్లు. వచ్చే చుక్క ఎంతంటే, నేటి ప్రింటర్లలో కొన్ని పికోలీటర్లు. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోలీటరు.

ఇంత వేడిని మాటిమాటికీ తట్టుకునే హీటర్ ఎన్నాళ్లు మన్నుతుంది? ఈ ప్రశ్నకు హెచ్‌పీ చెప్పిన జవాబే మన ఇళ్లలోని కార్ట్రిడ్జ్. రంధ్రాలూ హీటర్లూ ఉన్న హెడ్‌నూ సిరానూ ఒకే డబ్బాలో పెట్టి, సిరా అయిపోగానే రెండూ పారేయమంది. 1984లో వచ్చిన ఆ కంపెనీ ప్రింటర్ థింక్‌జెట్‌కు రంధ్రాలు 12 మాత్రమే. అంగుళానికి 96 చుక్కలు వేసేది. 1988 నాటి డెస్క్‌జెట్ మామూలు కాగితం మీద 300 చుక్కలు వేసింది. మరో కంపెనీ ఎప్సన్ వేరే దారి పట్టింది. కరెంటు తగలగానే వంగే పీజో పలక సిరాను నొక్కి చుక్కను నెడుతుంది. వేడి లేదు కనుక హెడ్ ప్రింటర్‌లోనే శాశ్వతంగా ఉంటుంది.

ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. హెడ్ కార్ట్రిడ్జ్‌లోనే ఉండే ప్రింటర్లో కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా కొత్తదవుతుంది. హెడ్ ప్రింటర్‌లో ఉండే రకంలో ఎన్ని కార్ట్రిడ్జ్‌లు మార్చినా పూడుకున్న రంధ్రం పూడుకున్నట్టే ఉంటుంది. ఆ రకంలో కొత్తది చేతికి రాకముందే పాతది పీకకండి, గాలి చొరబడుతుంది.

ప్రింటర్‌కు అసలు శత్రువు వాడకం కాదు, వాడకపోవడం. ఇంటి ప్రింటర్లలో సిరా ఎక్కువ భాగం నీళ్లే. నీరు ఆరితే రంగు రంధ్రం నోట్లో గడ్డకడుతుంది. అందుకే పని అయ్యాక హెడ్ ఒక మూలకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ప్రింటర్ మీది బటన్ నొక్కి ఆపితేనే ఆ మూత సరిగ్గా పడుతుంది. మన ఇళ్లలో గోడ స్విచ్ కట్టేసే అలవాటు ఎక్కువ. ప్రింట్ మధ్యలో అలా ఆపితే హెడ్ నోరు తెరుచుకునే ఉండిపోతుంది. మే నెల ఎండల్లో, తిరిగే ఫ్యాను కింద, ఆ సిరా ఎన్నాళ్లు తడిగా ఉంటుంది?

అచ్చులో తెల్ల చారలు కనబడితే ముందు నాజిల్ (సిరా రంధ్రాల) చెక్ ప్రింట్ తీయండి. ఏ రంగు గీతలు తెగాయో తెలుస్తుంది. తర్వాత హెడ్ క్లీనింగ్ ఒకటి రెండు సార్లు చాలు. ఫలితం లేకపోతే కొన్ని గంటలు వదిలేసి మళ్లీ చూడండి, గడ్డ మెత్తబడుతుంది. వరసగా పదిసార్లు క్లీనింగ్ చెయ్యడం శుద్ధ దండగ. ప్రతిసారీ ప్రింటర్ మంచి సిరాను పీల్చి అడుగునున్న స్పాంజి ప్యాడ్‌లో పోస్తుంది. ఆ ప్యాడ్ నిండిందని లెక్క తేలగానే ప్రింటర్ పని మానేస్తుంది.

హెడ్ ఉన్న కార్ట్రిడ్జ్‌కు చేత్తో చేసే వైద్యం ఒకటుంది. పీచు ఊడని మెత్తటి గుడ్డను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, మడిచి, రంధ్రాలున్న పలకను దాని మీద ఒక నిమిషం ఆనించండి. రంగుల కార్ట్రిడ్జ్ అయితే గుడ్డ మీద నీలం, గులాబీ, పసుపు పట్టీలు మూడూ విడివిడిగా దిగాలి. ఒకటి రాకపోతే పూడింది అదే, లేదా ఆ రంగు అయిపోయింది. పిన్నుతో పొడవడం, గట్టిగా రుద్దడం మాత్రం వద్దు. రాగి రంగు చుక్కల్లా కనిపించే కాంటాక్టులను పొడిగుడ్డతో తుడిస్తే, కార్ట్రిడ్జ్‌ను గుర్తించడం లేదన్న మొరాయింపు చాలాసార్లు పోతుంది.

రీఫిల్ చేయించినవాళ్లు గాలి రంధ్రం కూడా చూసుకోవాలి. నూనె డబ్బాకు ఒకే బెజ్జం పెడితే ధార ఆగి ఆగి పడినట్టే, పైన గాలి ఆడకపోతే సిరా కొంత వచ్చి నిలిచిపోతుంది. స్టిక్కర్ ఆ రంధ్రాన్ని మూసేసిందేమో చూడండి. కొత్త కార్ట్రిడ్జ్ టేపు ఒలవకుండా పెట్టేయడం కూడా మామూలే.

సిరా తక్కువ ఉందన్న హెచ్చరిక చాలా ప్రింటర్లలో వేసిన చుక్కలను లెక్కపెట్టి చెప్పే అంచనా మాత్రమే. అచ్చు బాగున్నంత కాలం వాడుకోవచ్చు. కానీ హీటర్ రకంలో అక్షరాలు వెలిసిపోగానే ఆపండి. హీటర్‌ను చల్లబరిచేది సిరాయే. అది లేకుండా నడిపితే హీటర్లు మాడిపోయి, తర్వాత రీఫిల్ చేసినా లాభం ఉండదు.

కార్ట్రిడ్జ్ ఖరీదు భరించలేక వాడకందార్లే బయట సీసాలు పెట్టి గొట్టాలతో సిరా అందించుకునేవారు. చివరికి 2010లో ఇండోనేసియాలో ఎప్సన్ తానే ట్యాంకు ప్రింటర్ తెచ్చింది. వాడకం ఎక్కువున్న ఇంటికి ఆ రకం బాగా కలిసొస్తుంది. ఏ రకమైనా వారానికో రంగుల పేజీ తీస్తూ ఉండండి. నెలకు నాలుగు కాగితాలు, అవీ నలుపులోనే తీసే ఇంటికి ఇంక్‌జెట్ అక్కర్లేదు. లేజర్ ప్రింటర్ కొనుక్కోండి, అందులో వాడే టోనర్ పొడి ఆరిపోదు.