వెనక చక్రానికి ఏ రిమ్ము కొనాలి?

మా ఊళ్ళో పాలు పోసే బాబాయి ఉన్నాడు. రోజూ తెల్లారకముందే సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని టౌనుకు పోతాడు. ఒక్కో క్యానులో 20 లీటర్ల పాలు. ఒకరోజు కాలవ గట్టు మీద సైకిలు గుంటలో పడింది. వెనక చక్రం వంకర పోయింది. పాలన్నీ నేలపాలయ్యాయి.

"కొత్త రిమ్ము వేయించి రెండు నెలలే అయింది టీచరమ్మా! చవకగా వస్తోందని కొన్నాను" అన్నాడు బాబాయి.

రిమ్ము ఎందుకు వంగింది? కాస్త లెక్క వేద్దాం.

లీటరు పాలు కిలో కంటే కొంచెం ఎక్కువే తూగుతాయి. 40 లీటర్లంటే సుమారు 41 కిలోలు. మనిషి 60 కిలోలు అనుకుందాం. క్యాన్లు కూడా కలిపితే 100 కిలోలు దాటింది. ఇందులో ఎక్కువ బరువు వెనక చక్రం మీదే పడుతుంది. మనం తొక్కే బలం కూడా చైను ద్వారా దానికే అందుతుంది. అందుకే మన పాతరకం పెద్ద సైకిళ్ళకు ముందు చక్రంలో 32 పుల్లలు, వెనక చక్రంలో 40 పుల్లలు ఉంటాయి.

నులక మంచం చూశారు కదా! నులక బిగువుగా ఉంటే నలుగురు కూర్చున్నా ఆగుతుంది. వదులైతే కుంగిపోతుంది. చక్రం కూడా అంతే. పుల్లలన్నీ సమానంగా లాగి పట్టుకుంటేనే రిమ్ము గుండ్రంగా నిలుస్తుంది. ఒక పుల్ల తెగితే దాని బరువు పక్క పుల్లల మీద పడుతుంది. తర్వాత అవీ తెగుతాయి.

రిమ్ము కొనేటప్పుడు ఇవి చూడండి.

1. పాత టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి. 28 × 1½ అని ఉంటే అదే సైజు అడగండి. 26 × 1⅜ టైరు, 26 × 1½ రిమ్ముకు సరిపోదు. రెండింటిలోనూ 26 ఉంది కదా అని మోసపోవద్దు.

2. రిమ్ముకు ఎన్ని బెజ్జాలున్నాయో లెక్కపెట్టండి. 40 పుల్లల హబ్బుకు 40 బెజ్జాల రిమ్మే కావాలి.

3. ఒకే సైజు రిమ్ములు రెండు తీసుకుని, చేతికొకటి పట్టుకోండి. ఇనుప రిమ్ముల్లో బరువుగా ఉన్నదాని రేకు మందం. మోతకు అదే మేలు. అల్యూమినియం రిమ్ము తేలిక, తుప్పు పట్టదు. కానీ ఒకే పొర ఉన్న పలచనిది మోతకు వద్దు. రెండు పొరలది గట్టిగా ఉంటుంది.

4. చదునైన గచ్చు మీద పడుకోబెట్టండి. చుట్టూ నేలకు ఆనాలి. అటూ ఇటూ ఊగితే వద్దనండి.

5. అతుకు మీద వేలితో రాయండి. ఎత్తుపల్లాలు, సందు ఉండకూడదు. బెజ్జాల చుట్టూ పగుళ్ళు ఉండకూడదు.

6. మీ సైకిలు బ్రేకుకు సరిపోతుందా అని షాపతన్ని అడగండి. కడ్డీ బ్రేకు రిమ్ము లోపలివైపు పడుతుంది. తీగ బ్రేకు చాలావరకు పక్కల పడుతుంది. అన్ని రిమ్ములూ రెండింటికీ పనికిరావు.

మంచి రిమ్ము కొంటే సరిపోదు. బిగించిన వారం తర్వాత పుల్లలు మళ్ళీ సరిచేయించాలి. కొత్తలో అవి కాస్త వదులవుతాయి. గాలి తగ్గనివ్వకూడదు. గాలి తక్కువైతే టైరు అణిగి, రాయి దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. పుల్ల తెగితే ఆ రోజే వేయించాలి.

బాబాయి ఈసారి నన్ను షాపుకు రమ్మనలేదు. తానే టైరు మీద అంకెలు చదివాడు. తానే 40 బెజ్జాలు లెక్కపెట్టాడు. రిమ్ముకు కొంచెం డబ్బు ఎక్కువైంది.

"ఒక్కరోజు పాలు ఒలికితే పోయే డబ్బు కంటే తక్కువేలే అమ్మాయ్!" అన్నాడు నవ్వుతూ.

చెప్పండి:
మీ సైకిలు వెనక చక్రానికి ఎన్ని పుల్లలున్నాయి? ఏదైనా వదులుగా ఉందా?
మీ టైరు మీద ఏ అంకెలున్నాయి? చూసి రాయండి.