ఈ సొరంగం తిన్నగా ఎందుకు?

జెనీవా దగ్గర భూమి లోపల 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం ఉంది. ప్రోటాన్లు అందులో తిరిగి తిరిగి, వేగం పుంజుకుని ఢీకొంటాయి. 2012లో హిగ్స్ బోసాన్ అనే కణం దొరికింది అక్కడే. దాన్ని నిశితంగా పరిశీలించడానికి మరో యంత్రానికి 2013లో సిద్ధమైన నమూనాలో మాత్రం సొరంగం తిన్నగా ఉంది. గుండ్రంగా ఉంటే ఎన్నిసార్లయినా తిప్పొచ్చు కదా అంటారా? మంచి ప్రశ్నే!

కొత్త యంత్రంలో పరిగెత్తేవి ఎలక్ట్రాన్లు. ప్రోటాన్ అంటే చిన్న కణాల మూట. రెండు మూటలు గుద్దుకుంటే అంతా గందరగోళం. ఎలక్ట్రాన్ మూట కాదు, అందుకే ఢీకొన్నాక ఏం జరిగిందో స్పష్టంగా తెలుస్తుంది.

చిక్కల్లా మలుపుల దగ్గరే. తడి తువ్వాలును గిరగిరా తిప్పి చూడండి, నీళ్లు చిందిపోతాయి. ఎలక్ట్రాన్ కూడా మలుపు తిరిగినప్పుడల్లా శక్తిని వెలుగుగా చిందించేస్తుంది. అదే వలయంలో దాని శక్తిని రెట్టింపు చేస్తే, చుట్టు చుట్టుకీ పోయేది 16 రెట్లవుతుంది! బరువైన ప్రోటాన్‌కు ఈ బాధ చాలా తక్కువ.

తిన్నని దారిలో మలుపుల్లేవు. కానీ అవకాశం ఒక్కసారే. అందుకే దారి పొడవునా నయోబియం లోహపు గొట్టాలు వరసగా అమర్చి, రేడియో తరంగాలతో నెడుతూ పోతారు. ఒక్కో గొట్టం సుమారు మీటరు పొడవు. శక్తి వృథా కాకుండా వాటిని మైనస్ 271 డిగ్రీలకు చల్లబరుస్తారు.

ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లు వచ్చి మధ్యలో ఢీకొంటాయి. అక్కడ ఆ కణాల ధార మందం మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా తక్కువ! అంత సన్నటి ధారలను ఎదురెదురుగా కలపడమే నాకు అన్నిటికన్నా అబ్బురం.

జపాన్‌లోని కితకామి కొండల కింద సుమారు 20 కిలోమీటర్ల పొడవున ఈ యంత్రాన్ని కట్టాలన్నది ఆలోచన. ఆ దేశ ప్రభుత్వం ఇంకా సరేననలేదు.