పేరుమోసిన జట్టు ఏల ఓడును?

ఊరిలో ఏ పోటీ జరిగినను, ఆటకు ముందే గెలుపెవ్వరిదో నిర్ణయించువారు నలుగురుందురు. రచ్చబండమీద కూర్చుండి, ఇరుప్రక్కల పేర్లు లెక్కించి, ‘ఈ జట్టుకు ఎదురులేదు’ అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు తారుమారైనచో ఓడినవారిలో ఎవ్వనినో ఒకనిని పట్టుకొని నిందింతురు. అట్టి తీర్పరులలో నేనును ఒకడను.

నేను చాల సంవత్సరములు ఒక పాఠశాలలో ఆటల ఉపాధ్యాయుడనుగా ఉంటిని. నాకు మిక్కిలి ప్రియమైన ఆట బాస్కెట్‌బాల్. ఒక యేడు పోటీలకు జట్టును ఎన్నుకొనుచు, బుట్టలో బంతి వేయుటయందు అందరికంటె మిన్నయైన ఐదుగురిని ఏరితిని. పొట్టివాడొకడుండెను, వాడు బంతిని చక్కగా నడపి తోడివారికి అందించువాడు, కాని తాను వేసిన పాయింట్లు తక్కువ. వానిని ప్రక్కన కూర్చుండబెట్టితిని. కప్పు మనదే యని ఊరంతయు అనుకొనిరి. మొదటి ఆటలోనే ఓడిపోతిమి. చివరి నిమిషమున గురితప్పిన పిల్లవానిని అందరియెదుట గద్దించితిని. తప్పు ఎవ్వరిదో నాకు బోధపడుటకు చాలకాలము పట్టినది. 2004వ సంవత్సరమున అమెరికాలో జరిగిన ఒక పోటీ నాకు ఆ పాఠము చెప్పినది. ఆ సంగతియే నేడు మనవి చేసెదను.

ముందుగా ఆటనుగూర్చి రెండు మాటలు. 1891లో అమెరికాయందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు ఇంటిలోపల ఆడుకొనుటకై దీనిని కల్పించెను. పండ్లబుట్టలు రెంటిని పదియడుగుల ఎత్తున తగిలించి, వానిలో బంతి వేయుమనెను. బుట్ట పోయి ఇనుపచట్రము వచ్చినది గాని ఆ ఎత్తు నేటికిని మారలేదు. ప్రక్కకు ఐదుగురు ఆడుదురు. బంతిని చేతబట్టుకొని పరుగెత్తరాదు. నేలకు కొట్టుచు పోవలెను, లేదా తోడివానికి విసరవలెను. పెద్దపోటీలలో బంతి చేజిక్కిన 24 సెకండ్లలోగా గురిచూచి వేయవలెను. ఐదుగురుందురు, బంతి ఒక్కటి, కాలము 24 సెకండ్లు: ఈ మూడింటిని జ్ఞాపకముంచుకొనిన చాలును. నేను చెప్పబోవునదంతయు ఇందులోనే ఉన్నది.

2003వ సంవత్సరమున లాస్ ఏంజెలెస్ పట్టణపు లేకర్స్ అను జట్టులో ఇద్దరు మహామల్లులు ఉండిరి. ఒకడు షకీల్ ఓనీల్. ఏడడుగులు దాటిన దేహము, దానికి తగిన బలము. రెండవవాడు కోబీ బ్రయంట్. ఎంత దూరమునుండి యైనను గురి వేయగలవాడు. వారిద్దరును కలిసి 2000, 2001, 2002 సంవత్సరములలో వరుసగా మూడుమారులు విజేతలైరి. వారికి తోడుగా ఆ యేడు కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ అను మరి ఇద్దరు ప్రసిద్ధులు వచ్చి చేరిరి. జీవితమంతయు ఆడియు విజేతలు కాలేకపోయిన వారు గనుక, తక్కువ జీతమునకైనను ఒప్పుకొని వచ్చిరి. ఇట్టి నలుగురు ఒక్కచోట చేరగా ఇక ఎదిరించువాడెవ్వడని లోకమనెను. నేనును నా శిష్యులతో అట్లే అంటిని.

2004 జూన్ నెలలో తుదిపోటీ వచ్చినది. అందు ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారు విజేతలు. ఎదుటిజట్టు డెట్రాయిట్ పట్టణపు పిస్టన్స్. అందు అంతటి పేరుగలవారు లేరు. ఆ జట్టును నడపిన చౌన్సీ బిలప్స్ అంతకుముందు పలుజట్లు తిరిగి వచ్చినవాడు. బుట్టకు కావలిగా నిలిచిన బెన్ వాలస్‌ను, 1996లో జట్లన్నియు వంతులవారీగా క్రొత్తవారిని ఎన్నుకొన్నప్పుడు ఒక్కరును ఎన్నుకొనలేదు. అట్టివారు లేకర్స్‌ను నాలుగు ఆటలలో ఓడించి, ఒక్క ఆటను మాత్రమే విడిచిరి. మూడవ ఆటలో 88కి 68. నేను టెలివిజను ఎదుట కూర్చుండి, చూచుచున్నది నిజమా యని కన్నులు నులుముకొంటిని.

ఇది ఏల జరిగెను? మొదటి కారణము, మన లెక్కయే తప్పు. ఒక్కొక్కడు తన పాతజట్టులో సంపాదించిన పాయింట్లను మనము కూడికవేసితిమి. కాని అక్కడ బంతి చాలవరకు వాని చేతనే ఉండెడిది. నలుగురు రాజులను ఒక్కచోట చేర్చినంతమాత్రమున నాలుగు బంతులు రావు. పేటన్ బంతిని తానే నడపి ఆడుటకు అలవాటుపడినవాడు. లేకర్స్ పద్ధతిలో బంతి అందరి చేతులకు తిరుగవలెను గనుక అతని నేర్పు సగము మూలబడినది. తుదిపోటీలో ఓనీల్ వేసిన బంతులు సగమునకు మించి బుట్టలో పడినవి. బ్రయంట్ మాత్రము 113 మారులు గురిపెట్టి 43 మారులే వేయగలిగెను. అయినను ఎక్కువమారులు గురిపెట్టినవాడు బ్రయంటే. వారిద్దరికిని పొసగదని అప్పటికే లోకమెల్ల ఎరుగును.

రెండవది, కీర్తి నిన్నటి పంట. ఆట నేటి పని. మలోన్‌కు అప్పటికి నలుబదియేండ్లు. ఆ యేడు మోకాటి గాయముచేత చాల ఆటలు మానవలసివచ్చెను. తుదిపోటీలో ఆ మోకాలే మరల బాధించుటచే చివరి ఆటకు దిగలేకపోయెను. మనము లెక్కించిన మలోన్ పది సంవత్సరముల క్రిందటివాడు.

మూడవది, పాయింట్ల పట్టికలో కనబడని పని. ఎదుటివానికి అడ్డునిలుచుట, గురితప్పి ఎగిరివచ్చిన బంతిని పట్టుట, తోడివాడు ఏమరినచోట తాను పోయి నిలుచుట, ఇవి లేక గెలుపులేదు. పిస్టన్స్ బలమంతయు ఇందే ఉండెను. ఓనీల్ మీదికి ఇద్దరు ముగ్గురిని పంపక, చాలవరకు ఒక్కనినే నిలిపి, అతడు వేసినన్ని వేయనిచ్చిరి. మిగిలినవారికి మాత్రము ఊపిరాడనీయలేదు. టేషాన్ ప్రిన్స్ అను పొడుగుచేతుల యువకుడు బ్రయంట్‌ను నీడవలె వెంటాడెను.

ఇదంతయు ఆ పిస్టన్స్ శిక్షకుడైన ల్యారీ బ్రౌన్ మహిమ యని కొందరనిరి. నేనును అట్లే నమ్మియుందును. కాని రెండునెలలైనను గడవకముందే మరియొక పాఠము వచ్చినది. ఆగస్టులో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలకు అమెరికా జట్టును నడపినవాడు ఆ ల్యారీ బ్రౌనే. 1936లో ఈ ఆట ఒలింపిక్సులో చేరినది మొదలు 2000 వరకు అమెరికా ఓడినవి రెండే ఆటలు. ఆ ఒక్క ఏథెన్సులో మూడు ఓడినది. తొలినాడే ప్యూర్టోరికో అను చిన్నద్వీపమువారు 92కి 73గా గెలిచిరి. పిదప లిథువేనియా, ఆపైని అర్జెంటీనా గెలిచెను. అమెరికాకు దక్కినది కంచు పతకము, బంగారము అర్జెంటీనాది.

శిక్షకుడు మారలేదు, అతని విద్య తరుగలేదు. తరిగినది కాలము. పలువురు ప్రసిద్ధులు రానందున దొరికినవారితో జట్టు కూర్చి, కొన్ని వారములు మాత్రమే కలిసి ఆడించి పంపిరి. అందు పందొమ్మిది, ఇరువది యేండ్ల బాలురును ఉండిరి. దూరమునుండి గురివేయువారు చాలినంతమంది లేరు. ప్యూర్టోరికోతో ఆడినప్పుడు దూరమునుండి వేసిన 24 బంతులలో మూడే పడినవి. అర్జెంటీనా వారన్ననో యేండ్ల తరబడి కలిసి ఆడినవారు. తోడివాడు ఎటు తిరుగునో చూడకయే ఎరిగి బంతి విసరగలవారు. 2002లోనే వారొకమారు అమెరికాను ఓడించియుండిరి. ఆ హెచ్చరిక ఎవ్వరి చెవికిని ఎక్కలేదు.

అమెరికావారు పిమ్మట ఆటగాండ్రను నిందించుచు కూర్చుండక పద్ధతిని మార్చిరి. 2005లో జెర్రీ కొలాంజెలో అను పెద్దమనిషికి బాధ్యత అప్పగించిరి. ఒక వేసవికి వచ్చి పోవుట కాక, కొన్ని సంవత్సరములు జట్టుకు కట్టుబడియుండవలెనని ఆయన నియమము పెట్టెను. ఫలము వెంటనే రాలేదు. 2006లో ప్రపంచపోటీలో గ్రీసు చేతిలో ఓడిరి. 2008లో బీజింగు నగరమున బంగారు పతకము గెలిచిరి. ఆ గెలిచినవారిలో లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, కార్మెలో ఆంథొని మొదలగువారు ఏథెన్సులో ఓడినవారే; పిస్టన్స్ చేతిలో ఓడిన బ్రయంట్ కూడ అందుండెను. మనుష్యులు వారే. వారిని కూర్చిన తీరు మారినది.

ఇక ఒక సంగతి న్యాయముగా చెప్పవలెను. పేరుగల జట్టు ఓడినంతమాత్రమున ప్రతిసారియు తప్పుజరిగినట్లు కాదు. పదిమారులు ఆడిన ఏడుమారులు గెలువగల జట్టు మూడుమారులు ఓడును. ఆ యేడు అమెరికా పోటీలో 29 జట్లుండెను. అన్నింటిలో మేటియైనదానికిని, మిగిలిన 28లో ఏదియు దానిని దాటకుండుట సులభము కాదు. ‘అందరికంటె బలవంతుడు’ అనుమాట వేరు, ‘తప్పక గెలుచును’ అనుమాట వేరు. మొదటిదానిని రెండవదిగా మార్చువారము మనము. ఆ మార్పు బరువు మోయువాడు ఆటగాడు.

పిస్టన్స్ గెలిచిన కొన్ని నెలలకు, నాడు నేను గద్దించిన పిల్లవాడు నాకు సంతలో కనబడెను. పెండ్లియై సంసారము చేసికొనుచున్నాడు. ‘నాయనా, ఆనాటి తప్పు నాదిరా’ అంటిని. అతడు నవ్వి, ‘పోనీయండి మాస్టారూ, ఆ రోజు నాకు బంతి తెచ్చి ఇచ్చేవాడే లేడండి’ అనెను. నాకు ఇన్నియేండ్లకు తెలిసినది వానికి ఆనాడే తెలియును. నేను అడుగలేదు గనుక చెప్పలేదు.

పెద్దలైన మీకు నా మనవి ఇంతియే. ఆటకు గాని, ఊరిపనికి గాని నలుగురిని ఏర్చునప్పుడు, ఎవ్వరెంత ఘనులని మాత్రమే అడుగక, ఎవ్వని పనికి ఎవ్వడు తోడగునో, కలిసి పనిచేయుటకు వారికి ఎంతకాలము ఇచ్చితిమో అడుగుడు. ఓటమి వచ్చెనా, గురితప్పినవానిమీద చేయెత్తుటకు ముందు, బంతి వానికి ఏరీతిగా అందెనో విచారింపుడు.