కొలత తెలిసిన చేతికే శైలి

మన ఇళ్ళలో పిల్లలు బొమ్మలు గీస్తున్నారు. వెనుకటి పిల్లలు నోటుపుస్తకం చివరి పేజీలో గీసేవారు. నేటి పిల్లలు పలకలాంటి పరికరం మీద ప్లాస్టిక్ కలం ఆడించి కంప్యూటర్ తెర మీద గీస్తున్నారు. పెద్ద కళ్ళు, సన్నని నడుము, గాలికి ఎగిరే దుపట్టా, పొడవాటి వేళ్ళు: మనిషిని ఉన్నదున్నట్టు కాక తమకు నచ్చిన తీరులో మలచి గీయడం వారికి ఇష్టం. గీసినది తోటివారికి చూపించుకుంటారు, బాగోగులు చర్చించుకుంటారు.

ఉపాధ్యాయులమైన మాకు ఈ విషయంలో రెండు ప్రశ్నలు తరచూ ఎదురవుతాయి. తల్లిదండ్రులు, "ఇది జాయిజేనా?" అని అడుగుతారు. పిల్లలు, "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మా బొమ్మ బాగా వస్తుంది?" అని అడుగుతారు. మొదటి ప్రశ్నను పిల్లలు తప్పించుకుంటారు, రెండో ప్రశ్నను పెద్దలు పట్టించుకోరు. దాంతో కొన్ని ఇళ్ళలో బొమ్మల పుస్తకం పరుపు కిందకు చేరుతుంది. ఒకే కప్పు కింద ఉంటూ అమ్మీ, అబ్బాల దగ్గర దాచవలసిన పని ఒకటి పిల్లలకు ఏర్పడుతుంది. ఈ దాపరికం బొమ్మ కంటే ప్రమాదకరం.

ధర్మం ఏమంటుంది?

ప్రాణుల బొమ్మలు చేసేవారిని మహాప్రవక్త (స) గట్టిగా హెచ్చరించిన హదీసులు ఉన్నాయి. వాటిని తేలికగా తీసుకోరాదు. బొమ్మలే జీవనాధారమైన ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, ఆయన ఆ హెచ్చరికను వినిపించి, గీయక తప్పకపోతే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమన్నారు. మరోవైపు హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్నారనీ, వాటిలో రెక్కల గుర్రం కూడా ఉండేదనీ, దాన్ని చూసి మహాప్రవక్త (స) నవ్వారనీ హదీసులు చెబుతున్నాయి. బొమ్మలున్న తెరను ఆయన ఇష్టపడకపోవడం, దానితో దిండ్లు కుట్టడం కూడా హదీసుల్లో ఉన్నవే.

వీటిని ముందుంచుకుని ఉలమాలు వేర్వేరు నిర్ణయాలకు వచ్చారు. ప్రాణి రూపం ఏదైనా కూడదన్నవారు ఉన్నారు. నిషేధం విగ్రహాలకు, పూజింపబడే వాటికి వర్తిస్తుందనీ, చదునైన బొమ్మకు, పిల్లల చదువుకు కొంత వెసులుబాటు ఉందనీ అన్నవారు ఉన్నారు. తెర మీది బొమ్మ విషయంలోనూ ఈ భేదం ఉంది. ఇక్కడ ఫత్వా ఇవ్వడం మా పని కాదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. అయితే పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్ళి, వాడి ఎదుటే అడగండి. కారణం విన్న పిల్లవాడు ఆ మాటను గౌరవిస్తాడు. చెంపదెబ్బతో ఆగిన చేయి మరోచోట రహస్యంగా గీస్తుంది.

భేదం లేని విషయాలూ ఉన్నాయి. అశ్లీలం, ఎదుటివారిని కించపరిచే బొమ్మ, పూజకు ఉద్దేశించిన రూపం, వీటికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. చెట్టు, లత, భవనం, రేఖాగణిత చిత్రం, అందమైన దస్తూరీ, వీటిని దాదాపు ఎవరూ కాదనలేదు. ప్రాణి రూపం వద్దనుకున్న ఇంట్లో కూడా బిడ్డ చేతికి పని కరువు కాదు.

శైలి ఎక్కడి నుంచి వచ్చింది?

మనిషి రూపాన్ని మలచి గీయడం నిన్న పుట్టినది కాదు. హిరాత్ నగరంలో పేరు గడించి, సుమారు 1535లో మరణించిన బెహ్జాద్ చిత్రాల్లో మనుషులు చిన్నవారు, నీడలు కనబడవు. అయినా ఎవరు పని చేస్తున్నారో, ఎవరు అలసిపోయారో తెలిసిపోతుంది. హుమాయూన్ వెంట ఇరాన్ కళాకారులు మీర్ సయ్యద్ అలీ, ఖ్వాజా అబ్దుస్సమద్ మన దేశానికి వచ్చారు. అక్బర్ కాలంలో వారి పర్యవేక్షణలో హమ్జానామా కోసం సుమారు 1,400 పెద్ద చిత్రాలు గుడ్డ మీద తయారయ్యాయి. ఆ పనికి పదిహేనేళ్ళు పట్టింది. మన గోల్కొండ, బీజాపూర్ దర్బారుల్లోనూ దక్కనీ చిత్రకళ వికసించింది.

లాహోర్‌కు చెందిన అబ్దుర్రహ్మాన్ చుగ్తాయీ (1894-1975) గాలిబ్ దీవాన్‌కు బొమ్మలు వేసి 1928లో 'మురఖ్ఖె చుగ్తాయీ' వెలువరించారు. అందులో కళ్ళు సాగి ఉంటాయి, వేళ్ళు సన్నగా ఉంటాయి, దుస్తులు నీరులా జారుతాయి. తెలుగువారికి బాపు (1933-2014) గురించి చెప్పనక్కరలేదు. నాలుగు గీతల్లో ఒక మనిషిని నిలబెట్టేవారు. వీరంతా నిజరూపాన్ని మార్చారు. ఏది మారుస్తున్నారో, ఎంత మారుస్తున్నారో తెలిసి మార్చారు. నేర్చుకునే పిల్లలు గుర్తుంచుకోవలసింది ఇదే.

నుఖ్తా కొలత, తల కొలత

ఔత్సాహికుల చర్చల్లో తరచూ వినిపించే మాట ఒకటి ఉంది. "చేయి పొట్టిగా ఉంది" అని ఒకరంటే, "అది నా శైలి" అని గీసినవారు జవాబిస్తారు. శైలికీ తప్పుకూ తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అదే మనిషిని మళ్ళీ గీయమనండి. చేయి మళ్ళీ అంతే పొట్టిగా వస్తే శైలి కావచ్చు. ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా వస్తే తప్పు.

మద్రసాలో తఖ్తీ మీద ఖలం పట్టినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. ఖలం మొనతో పెట్టిన చుక్క, అంటే నుఖ్తా, అక్షరానికి కొలబద్ద. నస్తలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు నుఖ్తాలు. బగ్దాద్‌లో వజీరుగా పనిచేసి 940లో మరణించిన ఇబ్నె ముఖ్లా అక్షరాలకు ఇలాంటి కొలతలు స్థిరపరచినవాడిగా ప్రసిద్ధుడు. కొలత చేతికి పట్టిన తర్వాతే ఖుష్‌నవీస్ తన సొగసు చూపిస్తాడు.

మనిషి బొమ్మకు నుఖ్తా వంటిది తల. పెద్దమనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. హుందాగా కనిపించాలని చిత్రకారులు ఎనిమిది తలలు తీసుకుంటారు. ఏడాది బిడ్డ నాలుగు తలల ఎత్తు ఉంటుంది. నవ్వించే చిట్టి బొమ్మలకు రెండు మూడు తలలు చాలు. కళ్ళు తలకు సరిగ్గా మధ్యలో ఉంటాయి. కొత్తవారు వాటిని నుదుటి మీదకు ఎక్కిస్తారు. చేయి కిందకు వదిలితే వేళ్ళు తొడ మధ్యకు వస్తాయి. ఇవి చేతికి అలవాటయ్యాక కళ్ళు పెద్దవి చేసినా, మెడ సాగదీసినా బొమ్మ నిలబడుతుంది. అంతకుముందు చేస్తే కూలిపోతుంది.

దిద్దుకునే మర్యాద

ఉర్దూ కవిత్వంలో 'ఇస్లాహ్' అనే సంప్రదాయం ఉంది. షాగిర్ద్ తన గజల్‌ను ఉస్తాద్ ముందుంచుతాడు, ఉస్తాద్ దిద్దుతాడు. దిద్దించుకున్నవాడు నొచ్చుకోడు. బొమ్మల చర్చల్లోనూ ఈ మర్యాద కావాలి. "బాగుంది" అన్న పొగడ్తతో ఎవరికీ ఏమీ అందదు, "చెత్త" అన్న మాటతో అంతకంటే ఏమీ అందదు. "ఎడమ భుజం కుడిదాని కంటే కిందకు ఉంది" అంటే పని జరుగుతుంది. చెప్పేవారు బొమ్మను చూసి చెప్పాలి, మనిషిని చూసి కాదు. ఆడపిల్లలు ముఖపరిచయం లేనివారికి బొమ్మ చూపించేటప్పుడు తమ ఫోటో, ఊరు, ఫోను నెంబరు ఇవ్వవలసిన అవసరం లేదు. ఈ జాగ్రత్త తల్లి దగ్గర కూర్చుని చెప్పాలి.

యంత్రం ఏం చేస్తుంది?

సాఫ్ట్‌వేర్ చేసే మేలు తక్కువది కాదు. మొదటిది 'లేయర్'. ఒక పారదర్శక కాగితం మీద మరొకటి పరచినట్టు, అడుగున చిత్తు గీత, దానిపై శుభ్రమైన గీత, వేరొక దానిపై రంగు. ఒకటి చెరిపితే మరొకటి చెడదు. రెండోది 'అన్‌డూ'. తప్పిన గీత వెనక్కి పోతుంది. మూడోది ఒత్తిడిని గుర్తించే కలం. గట్టిగా నొక్కితే గీత లావు, వదులుగా పట్టితే సన్నం. నాలుగోది బొమ్మను అద్దంలోలా తిప్పి చూపే సౌకర్యం. తిప్పగానే వంకర కన్ను, ఒరిగిన భుజం బయటపడతాయి.

అయితే ప్రతి గీతనూ పదిసార్లు వెనక్కి తీసుకునే చేతికి ధైర్యం రాదు. అందువల్ల రోజూ అరగంట మామూలు కాగితం మీద, రబ్బరు లేకుండా, పెన్నుతో మష్ఖ్ చేయించండి. తెర లేని పలక కొంటే కన్ను ఒకచోట, చేయి మరోచోట ఉంటాయి. అలవాటయ్యేవరకు కొన్ని రోజులు ఓపిక పట్టాలి. అచ్చువేయాలనుకుంటే మొదటే కాగితం కొలత పెట్టుకోవాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఎ4 కాగితానికి 2480, 3508 చుక్కలు కావాలి. లేయర్లున్న అసలు ఫైలును వేరుగా దాచుకోవాలి.

యంత్రానికి చేయే పునాది అనడానికి మన లిపే సాక్ష్యం. నస్తలీఖ్ అక్షరాలు పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుని ఏటవాలుగా దిగుతాయి కాబట్టి యంత్రానికి లొంగలేదు. మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షరబంధాలను చేతితో రాస్తే, వాటితో 'నూరీ నస్తలీఖ్' కంప్యూటర్‌లోకి వచ్చింది. 1981లో లాహోర్ 'జంగ్' పత్రిక దానితో అచ్చయింది. ఈనాడు ఉర్దూ టైపు చేసే పిల్లవాడి వేలి కింద ఒక ఖుష్‌నవీస్ చేయి ఉంది. బాపు దస్తూరీ కూడా తెలుగు కంప్యూటర్ అక్షరమైంది.

హలాల్ పరికరం

దొంగ ప్రతి సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం మనలో తప్పుగా అనిపించదు. 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, రచన, ఆవిష్కరణ వంటి హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ ఉన్నవేననీ, వాటిని ఉల్లంఘించరాదనీ తీర్మానించింది. పేదరికం సాకు కూడా ఇక్కడ నిలవదు. 'క్రిటా' బొమ్మలు గీయడానికి, 'ఇంక్‌స్కేప్' గీతల నమూనాలకు, లతలకు, 'గింప్' ఫోటోలు దిద్దడానికి ఉన్నాయి. మూడూ ఉచితం, ధర్మబద్ధం. మరొకరి బొమ్మను కింద పెట్టి గీస్తే ఆ మాట చెప్పాలి. కంప్యూటర్ తానే తయారుచేసిన బొమ్మను "నేను గీశాను" అనడం అబద్ధం.

సంపాదన సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లల ఖాయిదాలకు బొమ్మలు, పెళ్ళి పత్రికలు, మెహందీ నమూనాలు, చీరల అంచులు, దుకాణాల బోర్డులు, ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేయగల పనులు. వీటిలో చాలావాటికి ప్రాణి రూపమే అక్కరలేదు.

తల్లిదండ్రులారా, ఈ శుక్రవారం నమాజు తర్వాత మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని ఏం గీస్తున్నావో చూపించమనండి. ముందు చూడండి, తర్వాత మాట్లాడండి. హద్దు ఎక్కడుందో చెప్పండి. హద్దు లోపల ఉన్న మైదానం ఎంత విశాలమో కూడా చూపించండి. మన పిల్లల చేతులకు నైపుణ్యాన్నీ, చూపుకు హయాను, సంపాదనకు బర్కత్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.