ఒడ్డు సిగ్నల్ అందని చోట పడవకు పడవే టవర్ కాగలదా?

పుదుచ్చేరి శివార్లలోని మత్స్యకార గ్రామం వీరాంపట్టినం. ఇవాళ అలలు ఎంత ఎత్తున లేస్తాయో అక్కడ మైకులో చెప్పేవారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1998 నుంచి ఈ ప్రాంత గ్రామాల్లో నెలకొల్పిన సమాచార కేంద్రాల్లో ఇక్కడిదీ ఒకటి. అమెరికా నౌకాదళం వెబ్‌సైట్లో ఉన్న అంచనాలను తమిళంలో వినిపించేవారు.

కానీ మైకు మాట ఒడ్డు దాటదు. మొబైల్ సిగ్నల్ కూడా 10-12 కిలోమీటర్లు దాటితే అందడం కష్టం. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చేసరికి ఎంతోమంది మత్స్యకారులు నడిసముద్రంలో ఉన్నారు. హెచ్చరిక వాళ్లకు చేరలేదు. ఆ తర్వాత 2019లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సహా ప్రభుత్వ సంస్థలు ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందుకునే జెమిని పరికరాన్ని తెచ్చాయి. అయితే అది వినే చెవి మాత్రమే, మాట్లాడే నోరు కాదు.

మరో దారి, పడవలే ఒకదాని సందేశాన్ని మరొకటి మోయడం. కేరళలో అమృత విశ్వవిద్యాపీఠం 'ఓషన్‌నెట్' పేరుతో ఇలాంటి వైఫై వ్యవస్థను సముద్రంలో పరీక్షించింది. ఇందులో చిక్కు ఒక్కటే: సందేశాన్ని ఏ పడవకు ఇవ్వాలి?

2003లో ప్రయోగాత్మక పత్రంగా వెలువడిన ఏఓడీవీ పద్ధతిలో, అవసరమైనప్పుడల్లా 'ఒడ్డుకు దారి తెలుసా?' అని అందరినీ అడుగుతారు. అలకు పడవ ఊగి లింకు తెగితే మళ్లీ అడగాలి. చివరికి ఈ ప్రశ్నలే ఛానెల్‌ను నింపేస్తాయి.

మెషీన్ లెర్నింగ్ ఉపయోగం ఇక్కడే. జస్టిన్ బోయన్, మైఖేల్ లిట్‌మన్ 1993లో ప్రతిపాదించిన క్యూ-రౌటింగ్‌నే చూడండి. పక్క పడవ ద్వారా పంపితే ఒడ్డుకు చేరడానికి 9 సెకన్లు పడుతుందని నా అంచనా అనుకుందాం. సందేశం ఇచ్చాను, 1 సెకను పట్టింది. 'నా నుంచి ఇంకో 4' అని ఆ పడవ చెప్పింది. అంటే 5. పాత అంచనాను సగం దూరం జరిపి 7 అని రాసుకుంటాను. ప్రతి సందేశంతోనూ లెక్క ఇలా సరిపడుతుంటుంది. మొదట కదలని నెట్‌వర్కుల కోసం పుట్టిన ఈ ఆలోచనను తర్వాతి పరిశోధకులు కదిలేవాటికీ మలిచారు.

వేకువన వెళ్లి వచ్చే పడవల కదలికకు ఒక అలవాటు ఉంటుంది, నేర్చుకోవడానికి అది చాలు. తుపాను రోజు ఆ అలవాటు చెదిరిపోతుంది. అందరూ ఒకేసారి వెనక్కి తిరుగుతారు, నిన్నటి అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. అందుకే చేపల ధరల కబురుకు నేర్చిన దారి సరే కానీ, ఆపద సందేశం మాత్రం ఖర్చయినా చుట్టూ ఉన్న అన్ని పడవలకూ వెళ్లాలన్నది నా అభిప్రాయం. చుట్టూ పడవే లేకపోతే, అక్కడ రెండు వైపులా పలికే ఉపగ్రహ పరికరమే దిక్కు.