బెంగళూరులో గెలిచిన పేరు, ఢిల్లీలో ఓడిన పేరు

ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జులైలో ముగుస్తుంది. పాలక పక్షం ఈసారి రాష్ట్రపతి పదవికి ఎవరిని నిలబెడుతుందో రాయమని ఎడిటర్ అడిగారు. గడువు దగ్గరలోనే ఉంది. ఢిల్లీలో పేర్లకు కొదవ లేదు. అయితే ఫలానా పేరు ఎవరు పైకి తెచ్చారు, ఎవరు అడ్డుకున్నారు అన్నది మాత్రం తెలియదు. అది తెలియకుండా పేర్ల జాబితా వేయడం నాకు ఇష్టం లేకపోయింది. పాత ఫలితాల పట్టికలు తిరగేస్తుంటే 1969 ఆగస్టు 20 నాటి లెక్కింపు కనిపించింది. ఈ కథనంలో ఎక్కువ భాగం ఆ పట్టికకే ఇస్తున్నాను.

వి.వి.గిరి: 4,01,515. నీలం సంజీవరెడ్డి: 3,13,548. సి.డి.దేశ్‌ముఖ్: 1,12,769. ఇవి మొదటి ప్రాధాన్య ఓట్ల విలువలు. గెలుపుకు కావలసింది 4,18,169. గిరికి ఇంకా 16,654 కావాలి. బరంపురంలో పుట్టిన కార్మిక నాయకుడు ఒకరు, అనంతపురం జిల్లా ఇల్లూరు రైతుబిడ్డ మరొకరు. దేశ ప్రథమ పౌరుడి పదవికి ఇద్దరు తెలుగువాళ్లు తలపడ్డారు. ఇద్దరి వెనకా ఉన్నది ఒక్కటే పార్టీ, కాంగ్రెస్.

ఆ ఏడాది మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో ఏఐసీసీ సమావేశాలు బెంగళూరులో జరిగాయి. అక్కడే పార్లమెంటరీ బోర్డు అభ్యర్థిని తేల్చాలి. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు ప్రతిపాదించారు. కామరాజ్, ఎస్.కె.పాటిల్, మొరార్జీ దేశాయ్ లోక్‌సభ స్పీకర్ సంజీవరెడ్డి వైపు నిలిచారు. సిండికేట్ అని పత్రికలు పిలిచిన పెద్దలకు రాష్ట్రపతి భవన్‌లో తమవాడు కావాలి. ప్రధానిని అదుపులో పెట్టడానికి అదొక దారి. రెండు వర్గాలకూ అవసరమైన మనిషి హోంమంత్రి వై.బి.చవాన్. ఆయన సంజీవరెడ్డికి ఓటేశారు. సొంత పార్టీ బోర్డులో ప్రధానమంత్రి మాట ఓడిపోయింది.

తర్వాతి రోజులు ఎంత వేగంగా గడిచాయో తేదీలే చెబుతాయి. జులై 13న గిరి స్వతంత్రంగా పోటీ చేస్తానన్నారు. 16న ఇందిర మొరార్జీ నుంచి ఆర్థికశాఖ తీసేసుకున్నారు. 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసింది తాత్కాలిక రాష్ట్రపతి గిరే. మర్నాడు ఆయన రాజీనామా చేశారు. అధికార అభ్యర్థి సంజీవరెడ్డి నామినేషన్ పత్రాలపై ప్రధాని కూడా సంతకం చేశారు. ఆ సంతకం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పార్టీ నిర్ణయానికి కట్టుబడి ఆమె సంతకం చేసి ఉండవచ్చు, కొంత సమయం చేజిక్కించుకోవడానికీ చేసి ఉండవచ్చు. ఏదైనా, కాగితం మీద సంజీవరెడ్డి ఆమె అభ్యర్థే.

పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప గెలుపు ఖాయం చేసుకోవాలనుకున్నారు. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిన జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులను కలిశారు. మీ రెండో ప్రాధాన్య ఓటు మా అభ్యర్థికి వేయించండి అన్నది ఆయన కోరిక. ఇందిరకు కావలసిన కారణం అక్కడే దొరికింది. మితవాద పక్షాలతో చేతులు కలుపుతున్నారని ఆమె వర్గం ఎదురుతిరిగింది. విప్ జారీ చేయడానికి ఆమె ఒప్పుకోలేదు. అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. తెలుగు రాజకీయాల్లో ‘అంతరాత్మ ప్రబోధం’ ఇప్పటికీ వినిపిస్తూ ఉండటానికి మూలం ఆ ఆగస్టే.

మళ్లీ పట్టిక దగ్గరికి వద్దాం. దేశ్‌ముఖ్, మిగతా చిన్న అభ్యర్థులు తొలగిపోగా వాళ్ల ఓట్లు పంచినప్పుడు గిరికి 18,562 కలిశాయి, సంజీవరెడ్డికి 91,879. అంటే నిజలింగప్ప అడిగిన రెండో ప్రాధాన్యాలు దాదాపుగా వచ్చాయి. ఆయన మంతనాలు ఫలించాయి. చేజారింది మొదటి ప్రాధాన్యం, అదీ సొంత పార్టీ సభ్యుల చేతిలో. తుది లెక్క: గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. కావలసిన సంఖ్య కన్నా గిరికి ఎక్కువ వచ్చింది 1,908 మాత్రమే. ఆ రోజుల్లోనూ ఒక్కో శాసనసభ్యుడి ఓటు విలువ చాలా రాష్ట్రాల్లో పదుల్లోనో వందల్లోనో ఉండేది. కొన్ని పదుల మంది సంజీవరెడ్డి వైపు మళ్లి ఉంటే దేశచరిత్ర ఇంకోలా నడిచేది. నవంబరులో ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించారు, కాంగ్రెస్ రెండుగా చీలింది.

సిండికేట్ పెద్దలపై నాకు ప్రత్యేక అభిమానం లేదు. రాష్ట్రపతి పదవిని పంతానికి వాడుకున్నది వాళ్లూ, ఇందిరా కూడా. అయినా ఆ బెంగళూరు సమావేశాన్ని నేను గౌరవిస్తాను. బోర్డులో ఎవరు ఏ పేరు అన్నారో, ఏ మంత్రి ఎటు మొగ్గాడో పౌరులకు తెలిసింది. భేదాభిప్రాయానికి ముఖం ఉంది.

అంతకుముందు కథ క్లుప్తంగా. 1950లో నెహ్రూ మనసు రాజాజీ వైపు ఉన్నా, పటేల్, పార్టీ శ్రేణులు రాజేంద్రప్రసాద్‌ను నిలిపారు. 1957లో రాధాకృష్ణన్ కావాలన్న నెహ్రూ కోరిక మళ్లీ ఆగింది, 1962లో నెరవేరింది. 1967లో కామరాజ్ రాధాకృష్ణన్‌కే మరో అవకాశం ఇద్దామంటే ఇందిర జాకిర్ హుస్సేన్‌ను గెలిపించుకున్నారు. అప్పటి ప్రతిపక్ష అభ్యర్థి, రాజమండ్రికి చెందిన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. 1974 నుంచి ఎంపిక క్రమంగా ప్రధాని చేతిలోకి, సంకీర్ణాల కాలంలో మిత్రపక్షాల చేతిలోకి వెళ్లింది. 2012లో మమత, ములాయం మూడు పేర్లు ప్రకటిస్తే రెండు రోజుల్లో సోనియా ప్రణబ్ ముఖర్జీని ప్రకటించారు.

2017లో బీజేపీ రాజ్‌నాథ్, వెంకయ్యనాయుడు, జైట్లీలతో సంప్రదింపుల సంఘం వేసింది. వాళ్లు ప్రతిపక్ష నాయకులను కలిశారు. పేరేదీ చెప్పలేదని ప్రతిపక్షం అంది. రోజుల వ్యవధిలోనే రామ్‌నాథ్ కోవింద్ పేరు వెలువడింది. 2022 జూన్ 21న ఆ పార్టీ బోర్డు సమావేశం ముగిశాక ఇరవై పేర్ల దాకా చర్చించామని నడ్డా చెప్పి ముర్మును ప్రకటించారు. సంథాల్ ఆదివాసీ మహిళ ఆ పదవికి చేరడం మంచి నిర్ణయం. నా ప్రశ్న ఆమె గురించి కాదు. తక్కిన పేర్లేమిటి, వాటిని ఎవరు ప్రతిపాదించారు, ఎందుకు వద్దనుకున్నారు? ఆ వివరాలు బయటికి రాలేదు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ, తెలుగుదేశం రెండూ ముర్మునే బలపరిచాయి. తెలంగాణలో టీఆర్‌ఎస్ యశ్వంత్ సిన్హా వైపు వెళ్లింది. ఓటు మనవాళ్లది, ఎంపిక మాత్రం వాళ్లకు టీవీలో తెలిసిన సంగతి. మనం గెలిపించిన శాసనసభ్యుడు రాష్ట్రపతిని ఎన్నుకుంటాడని రాజ్యాంగం చెబుతోంది కాబట్టి, పేరు ఖరారయ్యే ముందు అతన్ని ఒక్క మాటైనా అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. పాలక పక్షం ఏదైనా సరే.

ఇద్దరి తర్వాత కథ

గిరి ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డిని కించపరిచే కరపత్రం పంచారన్నది ఆరోపణల్లో ఒకటి. రాష్ట్రపతిగా ఉంటూనే గిరి కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషన్లు కొట్టేశారు. సంజీవరెడ్డి ఇల్లూరు వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు అది. ఆ ఏడాదే పాలక జనతా ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలిపింది. దాఖలైన 37 నామినేషన్లలో 36 తిరస్కరణకు గురికాగా, ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యారు.

సంతకాలు, విలువలు

1969లో పోటీకి ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరిచేవాడు చాలు. 1974లో పదేసి మంది కావాలన్నారు. 1997 నుంచి యాభై మంది ప్రతిపాదించాలి, మరో యాభై మంది బలపరచాలి, డిపాజిట్ 15,000 రూపాయలు. 2022లో ఎంపీ ఓటు విలువ 700. 1971 జనాభా లెక్కన ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుడి ఓటు 159, తెలంగాణలో 132. అంటే 175 మంది కలిపి 27,825, 119 మంది కలిపి 15,708. రహస్య ఓటు కావడంతో ఈ ఎన్నికలో పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు.