మేఘసీమలో తాళపుచెవులు

దొంగ కన్నము వేసి ధాన్యము దోచినచో గోడను నిందింతుము. యజమానుడే తాళపుచెవుల గుత్తిని వాకిట వ్రేలాడదీసినచో ఎవరిని నిందింపవలెను? ఈ ప్రశ్న నేడు గాదెలకంటె కంప్యూటరు గిడ్డంగులకే యెక్కువగా వర్తించుచున్నది.

'క్లౌడు' అను పేరు విని ఆకాశమున నేదో యున్నదని భ్రమపడ నక్కరలేదు. అవి భూమిమీదనే వెలసిన గొప్ప భవనములు. పరుల లెక్కలను, దస్తావేజులను అద్దెకు దాచిపెట్టు కంప్యూటర్ల కొట్లు. 2006లో ఈ నిలువ వ్యాపారమును ఆరంభించిన అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునను కేంద్రమును తెరచినది. బ్యాంకుల పద్దులు, ఆసుపత్రుల చీట్లు, వర్తకుల చిట్టాలు ఇట్టి చోట్లకు చేరుచున్నవి. కావున అచ్చటి ద్వారపాలకుని ధర్మమేమో మన మెరుగుట యవసరము.

ఆ ద్వారపాలకుడు వ్రాసిపెట్టిన శాసనమే. వచ్చిన ప్రతి కోరికకును అది రెండు పరీక్షలు పెట్టును. నీ వెవడవనునది మొదటిది. పాసువర్డు, చేతిఫోనుకు వచ్చు అంకెలు మున్నగునవి దీనికి సమాధానము. ఈ దస్త్రముపై ఈ పని చేయుటకు నీకు హక్కున్నదా యనునది రెండవది. మొదటి పరీక్షలో నెగ్గినంతమాత్రమున రెండవది తీరదు. ఊరెల్ల నెరిగిన పెద్దమనిషి యైనను పరుల గాదెను తెరువరాదు గదా! అనుమతి వ్రాతలో లేనిచో లేదనియే తీర్పు. ఒకచోట అనుమతియు, వేరొకచోట నిషేధమును ఉన్నచో నిషేధమే నెగ్గును. ఇంత కట్టుదిట్టమైన న్యాయము కచ్చేరీలలో సైతము అరుదని మా తలంపు.

అయినను ఈ శాసనమును వ్రాయవలసినవాడు గిడ్డంగి యజమానుడు కాడు. సరకు దాచుకొన్న అద్దెదారు. మనుష్యులకే గాక, అతని పనులు చేయు యంత్రములకును కొద్దికాలము చెల్లు తాళపుచెవులు ఇచ్చుట కలదు. ఎవరికి, ఎంతవరకు, అనునది అతని యిష్టము. లోప మిచ్చటనే పుట్టుచున్నది.

2019 మార్చిలో అమెరికాలోని కాపిటల్ వన్ బ్యాంకునకు జరిగినది చూడుడు. బ్యాంకు తన ముంగిట కావలికై నిలిపిన యంత్రము యొక్క అమరికలో తప్పుండెను. ఒక వ్యక్తి దానిని మభ్యపెట్టి, దాని తాళపుచెవులను సంగ్రహించెను. కావలివానికి అక్కరలేని అధికారము ఆ చెవులకు ఉండెను. లోపలి కొట్ల దస్త్రములు వానితో తెరువవచ్చును. అమెరికాలో సుమారు 10 కోట్ల జనుల వివరములును, కెనడాలో సుమారు 60 లక్షల జనుల వివరములును పరహస్తగతమయ్యెను. జూలైలో పరు లొకరు తెలుపువరకు బ్యాంకు ఎరుగదు. 2020లో ప్రభుత్వ నియంత్రణాధికారులు 8 కోట్ల డాలర్ల జరిమానా విధించిరి. కొట్ల తాళ మెవ్వరును పగులగొట్టలేదు. గుర్తింపు సరిపోయెను, వ్రాతలో అనుమతి యుండెను, ద్వారము తెరువబడెను.

ప్రతివానికిని తన పనికి వలసినంత అధికారమే యుండవలెనని సాల్ట్‌జర్, ష్రోడర్ అను పండితులు 1975లోనే వ్రాసిరి. పాలేరుకు పశువుల కొట్టపు తాళము చాలును, ఇనుపపెట్టె తాళమేల? ఈ సూత్రమును ఒప్పుకొనువారు పెక్కురు, ఆచరించువారు కొందరు. పని చురుకుగా సాగుటకై తొలుత సర్వాధికారము నిత్తురు, పిదప తగ్గింతమందురు. ఆ పిదప రానే రాదు. కొలువు విడిచిపోయిన గుమాస్తా చేతిలో తాళపుచెవి చెల్లుచునే యుండును.

2023లో మన పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తగిన కాపుదల చూపని సంస్థలపై రూ. 250 కోట్లవరకు జరిమానాకు చోటిచ్చినది. చట్టము మంచిదే. అయినను జరిమానా దోచబడిన రహస్యమును మరల తెచ్చి యీయజాలదు.

కావున పాఠక మహాశయులకు మా విన్నపము: మీ లెక్కలు క్లౌడులో నున్నచో, ఎవరెవరికి ఏ తాళము గలదో జాబితాను తెప్పించి, అక్కరలేని పేరును నేడే కొట్టివేయుడు. మీ వివరములను పరుల కప్పగించునపుడును ఇదియే ప్రశ్నను మొగమాటము లేక అడుగుడు. ద్వారపాలకుడు వ్రాసినట్లు నడచుకొనును. సరిగా వ్రాయుట మన ధర్మము.